ఉన్నాడా, లేడా, ఎందరున్నారు: దేవుడి ప్రశ్నలో ఏ సమాధానానికి ఏ మూల్యం

బృహదారణ్యకోపనిషత్తులో శాకల్యుడనే పండితుడు యాజ్ఞవల్క్యుణ్ణి సూటిగా అడుగుతాడు: దేవతలు ఎందరు? మూడు వందల ముగ్గురు, మూడు వేల ముగ్గురు అంటాడు యాజ్ఞవల్క్యుడు. అవునంటూనే శాకల్యుడు మళ్లీ అడుగుతాడు: అసలు ఎందరు? ముప్పై ముగ్గురు. మళ్లీ అదే ప్రశ్న. ఆరుగురు. మళ్లీ అదే. ముగ్గురు. ఇద్దరు. ఒకటిన్నర. చివరికి ఒక్కరు. అడిగినవాడు మారలేదు, చెప్పినవాడు మారలేదు, ఒక్క సంభాషణలో 3,306 మంది ఒక్కరయ్యారు. ఒకటిన్నర ఎవరంటే వీచే గాలి అని, ఆ ఒక్కరు ఎవరంటే ప్రాణం అని వివరణ కూడా ఉంది.

ఈ సంభాషణ నాకు ఎందుకు ఇష్టమంటే, ఇందులో యాజ్ఞవల్క్యుడు ఏ సమాధానాన్నీ వెనక్కి తీసుకోడు. దేవత అన్న మాటను ఏ అర్థంలో తీసుకుంటే ఆ లెక్క. ఎందరు అన్నదానికే ఇంత ఉంటే, అసలు ఉన్నారా అన్నదానికి ఎంత ఉండాలి? దేవుడి గురించి జరిగే వాదనల్లో చాలా భాగం ఎటూ తేలకపోవడానికి కారణం ఇదే. ఒకరు వరాలిచ్చే దేవుణ్ణి ఖండిస్తుంటారు, ఎదుటివారు విశ్వానికి మూలమైన చైతన్యాన్ని సమర్థిస్తుంటారు. ఇద్దరూ తామే గెలిచామనుకుని లేచిపోతారు.

నమ్మకంలో పెరిగి సందేహంలో పడ్డవారికి, నమ్మకం లేకుండా పెరిగి ఇప్పుడు మనసు అటు లాగుతున్నవారికి ఈ వ్యాసం. ముందున్న దారులేమిటి, ఒక్కో దారిలో దొరికేదేమిటి, వదులుకోవలసిందేమిటి చెబుతాను. నా మొగ్గు ఎటో దాచను.

ముందు తేల్చుకోవలసినవి మూడు

"దేవుణ్ణి నమ్ముతారా?" అంటే చాలామంది అవుననో కాదనో వెంటనే చెప్పేస్తారు. ఆ ఒక్క ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు చుట్టచుట్టుకుని ఉన్నాయి. ఈ లోకాన్ని చేసినవారు ఉన్నారా? ఉంటే, ఆ చేసినవారికి మనకున్నట్టు ఒక మనసు, ఇష్టం, ఉద్దేశం ఉన్నాయా? మన మొర విని లోకం నడకలో చేయి పెడతారా? మూడింటికీ ఒకే సమాధానం ఉండాలన్న నియమం లేదు. లోకాన్ని చేశాడు గాని మన మాట వినడు అనవచ్చు. మన మాట వింటారు గాని లోకాన్ని చేసింది వారు కాదు అని కూడా అనవచ్చు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం దేవతలు ఈ సృష్టి తరువాత వచ్చినవారేనని, కాబట్టి ఇది ఎక్కడి నుంచి పుట్టిందో ఎవరికి తెలుసని అడుగుతుంది. పై నుంచి చూస్తున్నవాడికి తెలిసి ఉండవచ్చు, లేదా ఆయనకూ తెలియకపోవచ్చు అంటూ ముగుస్తుంది. అంత పాత సూక్తంలో అంత ధైర్యంగా సందేహించినవారిని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

నాస్తికుడు అన్న మాటను కూడా ఒకసారి దులిపి చూడాలి. మనుస్మృతి లెక్కలో నాస్తికుడంటే వేదాన్ని నిందించేవాడు. దేవుడి ప్రస్తావన అక్కడ లేదు. అందుకే సృష్టికర్తను ఒప్పుకోని సాంఖ్యమూ మీమాంసా అనే ప్రాచీన తత్వశాఖలు ఆస్తిక దర్శనాల్లోనే కూర్చున్నాయి. రోమన్ సామ్రాజ్యంలో తొలినాటి క్రైస్తవులను దేవుళ్లు లేనివారన్నారు, ఎందుకంటే వారు రోము దేవతలను కొలవలేదు. ఎవరైనా మిమ్మల్ని ఆస్తికుడనో నాస్తికుడనో అంటే, ఏ దేవుడి విషయంలో అని అడగడం న్యాయమైన ప్రశ్నే.

తలలు లెక్కపెడితే ఏం తెలుస్తుంది

ఎంతమంది నమ్ముతున్నారో తెలిస్తే నిర్ణయం తేలికవుతుందని కొందరు ఆశిస్తారు. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ అంచనా ప్రకారం 2020 నాటికి ప్రపంచంలో క్రైస్తవులు సుమారు 230 కోట్లు, ముస్లింలు 200 కోట్లు, హిందువులు 120 కోట్లు, బౌద్ధులు 32 కోట్లు. ఏ మతానికీ చెందమని చెప్పుకునేవారు 190 కోట్లు. అంటే దేవుడు ఒక్కడేనని బోధించే మతాల్లో సగానికి పైగా మానవజాతి ఉంది. దాదాపు నలుగురిలో ఒకరు ఏ మతం లెక్కలోనూ లేరు.

ఇవి మతాల పేర్ల లెక్కలు. నమ్మకాల లెక్క తీయబోతే అంకెలు చేతిలో నిలవవు. 2018లో వెలువడిన ఒక సర్వేలో అమెరికన్లలో నూటికి 80 మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. బైబిలు వర్ణించిన దేవుణ్ణేనా అని వివరం అడిగితే అవునన్నది 56 మందే. విచిత్రమేమిటంటే నమ్మమని చెప్పినవారిలో దాదాపు సగం మంది ఏదో ఒక ఉన్నతమైన శక్తి ఉందని ఒప్పుకున్నారు. చైనాలో 2018 నాటి ఒక సర్వేలో మీ మతమేదంటే పదిమందిలో ఒకరే ఏదో ఒక మతం పేరు చెప్పారు. అదే ఏడాది జరిగిన మరో సర్వేలో ఎవరిని నమ్ముతారని పేర్లు పెట్టి అడిగితే ముగ్గురిలో ఒకరు బుద్ధుణ్ణో బోధిసత్వుణ్ణో నమ్ముతామన్నారు. జపానులో మత సంస్థలు ఇచ్చే సభ్యుల లెక్కలన్నీ కూడితే దేశ జనాభాను మించిపోతాయి, ఒకే మనిషి రెండు చోట్ల లెక్కకు వస్తాడు గనుక.

ఇక ఎందరు దేవుళ్లన్న లెక్క. 2019 చివర, 2020 మొదట్లో భారతదేశంలో సుమారు 30,000 మందిని ప్యూ సంస్థ ప్రశ్నించింది. నూటికి 97 మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు, బౌద్ధుల్లో మాత్రం మూడో వంతు నమ్మమన్నారు. హిందువుల్లో 61 శాతం దేవుడు ఒక్కడే, రూపాలు అనేకం అన్నారు. 29 శాతం ఒక్కడే అని ఊరుకున్నారు. పలువురు దేవుళ్లు ఉన్నారన్నది 7 శాతం. బయటి నుంచి చూసేవారు బహుదేవతారాధన అని పేరు పెట్టిన సమాజంలో, తమది అదేనని చెప్పుకున్నవారు పదిమందిలో ఒకరు కూడా లేరు.

పండితుల మాట తీసుకుందామా? 2020లో తత్వశాస్త్ర అధ్యాపకుల మధ్య జరిగిన పెద్ద సర్వేలో సుమారు 67 శాతం దేవుడు లేడన్న వైపు, 19 శాతం ఉన్నాడన్న వైపు మొగ్గారు. కాని అలాంటిదే 2009లో జరిగినప్పుడు, మతానికి సంబంధించిన తత్వశాస్త్రాన్నే ప్రత్యేకంగా చదివే పండితుల్లో 72 శాతం మంది ఉన్నాడన్న వైపే ఉన్నారు. లోతుగా చదివారు కాబట్టి నమ్మారా, నమ్మారు కాబట్టి ఆ చదువు ఎంచుకున్నారా? రెండోదే ఎక్కువ నిజమని నాకనిపిస్తుంది.

ఈ అంకెలతో నిజం తేలకపోవడానికి ఇంకో కారణం ఉంది. యేసును దేవుడనే క్రైస్తవుడు, దేవుడికి సంతానం ఉండదనే ముస్లిం ఒకరినొకరు ఖండించుకుంటున్న చోట, ఇద్దరి సంఖ్యా కూడి 430 కోట్లమంది ఒకే మాట అంటున్నారని చెప్పడం కుదరదు. ఏ ఒక్క నమ్మకాన్ని విడిగా చూసినా లోకంలో ఎక్కువమంది దాన్ని కాదంటున్నవారే. లెక్కల వల్ల ఒక్క మేలుంది: మీరు ఏది ఎంచుకున్నా ఒంటరివారు కారు.

ఒక్కడా, పలువురా

ఈ ఎంపికను చాలామంది పెద్దదిగా భావిస్తారు. నేను రెండో వరుసలో పెడతాను. అయినా దీనిలో ఆలోచించవలసింది ఉంది.

పలువురు దేవతలు ఉన్నారనుకుంటే లోకంలోని ఎగుడుదిగుళ్లకు కారణం చెప్పడం తేలిక. ఒకరు వాన కురిపించబోతే మరొకరు అడ్డుపడ్డారు, అంతే. ఎదుటివారి దేవుణ్ణి అబద్ధమనవలసిన పని కూడా ఉండదు. మీ వరుసలో ఇంకొకరు చేరతారు. స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ మరణించాక 1779లో వెలువడిన గ్రంథంలో ఒక పాత్ర అడిగే ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది: ఒక ఇల్లు కట్టడానికో ఓడ చేయడానికో ఎందరో కలిసి పనిచేస్తుంటే, లోకాన్ని చేసింది మాత్రం ఒక్కరే ఎందుకు కావాలి? సృష్టిని చూసి సృష్టికర్తను ఊహించేవారు ఈ ప్రశ్నను దాటేయలేరు.

వదులుకోవలసిందీ ఉంది. ప్రకృతి నియమాలు ఎక్కడ చూసినా ఒకటే. అత్యంత దూరపు నక్షత్ర మండలాల వెలుగులోనూ హైడ్రోజన్ గీతల వరుస ప్రయోగశాలలో కనిపించిన వరుసే. వేరువేరు ఇష్టాలు పంచుకుని పాలించే లోకం ఇంత పొందికగా ఉంటుందా? ధర్మం విషయంలోనూ చిక్కే. దేవతలు తమలో తాము విభేదిస్తే ఏది మంచి అన్నది ఎవరిని అడగాలి? ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీసు సరిగ్గా ఇక్కడే ఎదుటివాణ్ణి నిలబెడతాడు.

ఒక్క దేవుడైతే ఈ చిక్కులు పోతాయి. నియమం ఒకటి, నియంత ఒకరు. కాని మంచికీ చెడుకూ, పూలకూ పక్షవాతానికీ ఆ ఒక్కరే జవాబుదారీ అవుతారు. ఒక్కడే అన్న మాట అధికారంతో కలిస్తే కఠినంగానూ మారుతుంది. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో ఈజిప్టు రాజు అఖెనాతెన్ సూర్యబింబమైన ఆతెన్‌ను మాత్రమే కొలవాలన్నాడు, ఆమున్ దేవుడి పేరును రాతిగోడల మీది నుంచి చెక్కి తీసేయించాడు. ఆయన పోయాక, టుటంఖామున్ కాలంలో, పాత దేవతలందరూ తిరిగి వచ్చారు.

రెండింటి మధ్యా ఒకే దైవం, అనేక రూపాలు అన్న మాట చాలామందికి హాయిగా ఉంటుంది. నాకూ దానిలోని విశాలత నచ్చుతుంది. అయితే ఒకరు ప్రాణంగా కొలిచే దేవుణ్ణి "అదీ ఒక రూపమే" అనడం, వినేవారికి గౌరవంగా తోచకపోవచ్చు. తన దేవుడు ఒక రూపం కాదు, అసలైనవాడు అని నమ్మేవారి మాటను మనం మన మాటలోకి తిప్పుకుంటున్నాం.

మొర వినే దేవుడు

అసలు తూచవలసింది ఇక్కడ. లోకాన్ని చేసి, మనల్ని ఎరిగి, పిలిస్తే పలికే దేవుడు. ఎక్కువమంది నమ్మేది ఈయననే.

ఈయన పక్షాన ఉన్న వాదాల్లో నాకు బాగా నచ్చింది నైయాయికులది, అంటే తర్కానికి పేరుపడ్డ న్యాయ దర్శనం వారిది. పదో శతాబ్దపు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దాన్ని బలంగా నిలబెట్టాడు. కుండను చూస్తే కుమ్మరి ఉన్నాడని తెలుస్తుంది; భూమి, పర్వతాలు వంటివి కూడా కుండలాగే పుట్టిన వస్తువులు; కాబట్టి వాటికీ తెలివిగల కర్త ఉండాలి. 1802లో ఇంగ్లండులో విలియం పేలీ గడియారం పోలికతో చెప్పినదానికి ఇది దగ్గరి చుట్టం. ఉదయనుడికి మూడు శతాబ్దాల ముందే బౌద్ధుడైన ధర్మకీర్తి ఇలాంటి వాదానికి ఒక్క పోలికతో ఎదురుచెప్పాడు. కుండ మట్టితో అయింది కనుక కుమ్మరి చేసినదే అంటే, పుట్ట కూడా మట్టితో అయినదే; దాన్నీ కుమ్మరే చేశాడా?

ఈ రెండు వస్తువులనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. కుండ అంచు గుండ్రంగా తిరిగి ఉంటుంది, లోపలి వైపు వేళ్ల గీతలు వరుసగా కనిపిస్తాయి. పుట్టలో కూడా ఆశ్చర్యపరిచే అమరిక ఉంది: గాలి ఆడే సొరంగాలు, అరలు, దారులు. కాని ఆ నమూనా ఏ ఒక్క చెదపురుగు బుర్రలోనూ లేదు. ఒక్కొక్కటీ తన ఎదుటి మట్టిరేణువుతో తన పని చేసుకుంటూ పోతే అంత కట్టడం లేచింది. 1859లో డార్విన్ చెప్పింది జీవుల విషయంలో ఇలాంటిదే: ఉద్దేశం లేకుండానే, వారసత్వం, తేడాలు, వాటిలో నిలిచేవి నిలవడం ద్వారా కన్నులాంటి అవయవం కూడా ఏర్పడగలదని. ఇది తెలిశాక కుండ వాదం పూర్తిగా చచ్చిపోలేదు గాని, ముసలిదైపోయింది. అమరిక ఉంటే అమర్చినవారు ఉండాలి అన్న సూత్రం ఇప్పుడు దానంతట నిలబడదు.

ఇంకా బతికి ఉన్నది మొదటి కారణం వాదం. పుట్టిన ప్రతిదానికీ కారణం ఉంటే, అన్నిటికీ మొదట ఏముంది? పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ దేవుడున్నాడనడానికి చూపిన ఐదు మార్గాల్లో ఇదొక భాగం. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లని తేలడం ఈ వాదానికి కొత్త ఊపిరి పోసింది. 1951లో పోప్ పన్నెండవ పయస్, విజ్ఞానశాస్త్రం సృష్టికి సాక్ష్యం చెబుతోందన్నట్టు ప్రసంగించారు. ఆ ప్రసంగానికి ఇబ్బంది పడినవారిలో జార్జ్ లమైట్ర్ ఒకరు. విశ్వం ఒక ఆది అణువు నుంచి విస్తరించిందన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించింది ఆయనే. ఆయన కాథలిక్ మతాచార్యుడు కూడా. తన భౌతికశాస్త్రాన్ని తన విశ్వాసానికి ఊతకర్ర చేసుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. నమ్మేవారు ఎలా నమ్మాలో చూపిన మనిషిగా ఆయనంటే నాకు అపారమైన గౌరవం.

ఇప్పుడు బరువైన వైపు. 1755 నవంబరు 1న, సర్వ పునీతుల పండుగ ఉదయం, ప్రార్థనలు జరుగుతున్న వేళ లిస్బన్ నగరాన్ని భూకంపం కూల్చింది. తరువాత సముద్రం పైకి వచ్చింది, నగరం తగలబడింది. వేలమంది చనిపోయారు. యూరప్ ఆలోచనాపరులను ఆ ఉదయం దశాబ్దాల పాటు వెంటాడింది. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, చెడు మనిషి చేసుకున్నదే అంటే హత్యలకు సరిపోతుందేమో, భూకంపానికి సరిపోదు. కర్మ సిద్ధాంతం ఇంకాస్త దూరం వెళుతుంది. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరాచార్యులు ఈశ్వరుణ్ణి వానతో పోలుస్తారు: వాన అన్ని విత్తనాలకూ ఒకటే, మొలిచేది మాత్రం ఏ విత్తనానికి తగ్గట్టు అది. కాబట్టి పక్షపాతం లేదు, క్రూరత్వం లేదు. తర్కం చక్కగా ఉంది. కాని ఫలితమంతా విత్తనంలోనే ఉంటే మొర ఎవరికి? అన్నీ కర్మే నడిపితే దేవుడెందుకన్నది మీమాంసకుల ప్రశ్న, అది ఇప్పటికీ పదునుగానే ఉంది.

మా నాన్నకు గుండె శస్త్రచికిత్స జరిగిన రోజు నేనూ అక్కా బయట వరండాలో కూర్చున్నాం. అక్క కళ్లు మూసుకుంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. నేను తలుపు పైనున్న ఎర్రదీపాన్నే చూస్తూ ఉన్నాను. మా ఎదురు బల్ల మీద ఒకామె, ఆమె కొడుకు లోపల ఉన్నాడు. ఆమె కూడా కళ్లు మూసుకుంది. నాలుగు గంటల తరువాత నాన్న బాగున్నాడని మాకు చెప్పారు. ఆమెకు చెప్పిన మాట వేరు. అక్క నా చేయి పట్టుకుని "దేవుడు విన్నాడురా" అంది. నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే ఆమె ఇంకా ఎదురుగానే ఉంది. ఒక్క వరండాలో రెండు మొరలు, ఒకదాన్ని విన్న చెవి మరొకదాన్ని ఎందుకు వినలేదో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

ప్రార్థన ఫలిస్తుందా అన్నదాన్ని కొలవడానికి ప్రయత్నించినవారూ ఉన్నారు. 2006లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులుగా చేశారు. తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతానికి, జరగనివారిలో 51 శాతానికి తరువాత ఏదో ఒక ఇబ్బంది తలెత్తింది. మీ కోసం ప్రార్థిస్తున్నారని చెప్పిన మూడో గుంపులో 59 శాతానికి. దీనితో దేవుడు లేడని తేలిపోయిందని నేననను. పరీక్షకు లొంగే దేవుణ్ణి ఏ మతమూ చెప్పలేదని నమ్మేవారు అంటే అందులో న్యాయముంది. అయితే ఫలితం మరోలా వచ్చి ఉంటే వారు కూడా దాన్ని చూపించేవారే కదా.

చాలా రోజుల తరువాత ఆ వరండా సంగతి అక్కతో అన్నాను. "నేను నాన్నను బతికించమని ఒక్కటే అడగలేదు. ఏది జరిగినా నిలబడే బలం ఇమ్మని కూడా అడిగాను. ఆమె కూడా అదే అడిగి ఉంటే, అది ఆమెకు దొరికిందో లేదో నీకెలా తెలుసు?" అంది. నాకు తెలియదు. వినే దేవుణ్ణి ఎంచుకునేవారికి దొరికే అసలైన వస్తువు ఇది: కష్టంలో ఒంటరిని కాననే ధీమా. దానికి చెల్లించేది ఎదురు బల్ల మీది ఆమె ప్రశ్న. ఆ ప్రశ్నను మోస్తూ నమ్మగలిగితే ఈ దారి మీది. దాన్ని చూడకుండా కళ్లు తిప్పుకుంటేనే నమ్మకం నిలుస్తుందనుకుంటే, ఇంకాస్త ఆలోచించండి.

జోక్యం చేసుకోని దేవుడు

దేవుణ్ణీ ప్రకృతినీ ఒకటిగా చెప్పిన తత్వవేత్త స్పినోజాను 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం వెలివేసింది. 1929లో, మీరు దేవుణ్ణి నమ్ముతారా అని అడిగితే ఐన్‌స్టీన్, ఉన్నవాటి పొందికలో కనిపించే స్పినోజా దేవుణ్ణి నమ్ముతానని, మనుషుల రాతలనూ చేతలనూ పట్టించుకునే దేవుణ్ణి కాదని సమాధానమిచ్చారు. అద్వైతంలోని నిర్గుణ బ్రహ్మం, అంటే ఏ గుణాలూ లేని పరమసత్యం, ఇదే కాదు గాని, రెండింటిలోనూ మనుషుల్లా కోపతాపాలు లేని పరమార్థం ఉంది. లోకాన్ని చేసి పక్కకు తప్పుకున్న దేవుడన్నది ఇంకో రకం.

విజ్ఞానశాస్త్రంతో గొడవ లేకపోవడం, లిస్బన్‌కు సంజాయిషీ చెప్పుకోనవసరం లేకపోవడం ఈ దారిలోని సుఖం. రాత్రి ఆకాశాన్ని చూసినప్పుడు కలిగే ఆ పులకింతకు ఒక పేరూ దొరుకుతుంది. కాని వరండాలో కూర్చున్నప్పుడు ఈ దేవుడికి ఏమీ చెప్పుకోలేరు. చెప్పుకోవాలనుకుంటే మీరు నిజంగా నమ్మేది వెనకటి దేవుణ్ణే. చాలామంది మాటల్లో ఈయనను, కష్టంలో ఆయనను పెట్టుకుంటారు. తప్పని అనను, తెలిసి చేయండి అంటాను.

లేడనేవారు, తెలియదనేవారు

లేడనడం కొత్త ఆలోచనేమీ కాదు. ప్రాచీన భారతీయ భౌతికవాదులైన చార్వాకులు ప్రత్యక్షానికి అందనిదాన్ని ఒప్పుకోలేదు. సాంఖ్య సూత్రాల్లో ఈశ్వరుడు సిద్ధించడు గనుక అన్న సూత్రమే ఉంది. జైనులు లోకానికి కర్త లేడంటూనే అహింసను ఎవరూ తీసుకెళ్లనంత దూరం తీసుకెళ్లారు. దేవుడు లేకపోతే నీతి కూలుతుందనేవారు వారివైపు ఒకసారి చూడాలి. 1952లో తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ ఒక ఊహ చెప్పాడు: భూమికీ అంగారకుడికీ మధ్య ఒక టీ కెటిల్ సూర్యుడి చుట్టూ తిరుగుతోందని, అది దుర్భిణికి అందనంత చిన్నదని ఎవరైనా అంటే, లేదని నిరూపించే భారం మనది కాదు. వినే దేవుడి విషయంలో ఈ మాట నాకు సబబుగా తోస్తుంది. అన్నిటికీ ఆధారమైన తత్వం విషయంలో అంత సూటిగా తగలదు, ఎందుకంటే అది లోకంలోని ఇంకో వస్తువు కాదు.

ఈ దారిలో వదులుకునేది ఓదార్పు ఒక్కటే అనుకుంటారు. అంతకన్నా నన్ను కలవరపెట్టేది వేరే ఉంది: అసలు ఇదంతా ఎందుకుంది? ఏమీ లేకుండా ఉండవచ్చు కదా? ఇది ఇలా ఉంది, అంతే అని ఎక్కడో ఒకచోట ఆగాలి. నమ్మేవారు దేవుడి దగ్గర ఆగుతారు, లేడనేవారు విశ్వం దగ్గర ఆగుతారు. విశ్వం దగ్గర ఆగడమే నిజాయితీ అని నాకనిపిస్తుంది గాని, ఆగడం ఆగడమే.

తెలియదనడానికి ఆంగ్లంలో ఒక పేరు పెట్టింది జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ, 1869లో. మనం దాన్ని అజ్ఞేయవాదం అంటున్నాం. అందులో రెండు రకాలున్నాయి. ఆధారాలు చూశాక తెలియదనడం ఒకటి, చూడటానికి ఓపిక లేక తెలియదనడం ఇంకొకటి. మొదటిది గౌరవించదగ్గ చోటు. రెండోది ఎంపికే కాదు. ఇంకా తీర్పు చెప్పకుండానే బతకవచ్చన్నదానికి బుద్ధుడి బాణం కథ ఉంది: విషబాణం తగిలినవాడు, కొట్టిందెవరో, విల్లు ఏ కర్రతో చేసిందో తెలిసేదాకా బాణం తీయనివ్వనంటే ఆలోపే పోతాడు. లోకం శాశ్వతమా కాదా లాంటి ప్రశ్నలను ఆయన అలా పక్కన పెట్టాడు.

తెలియనప్పుడు నమ్మడమే లాభమన్న పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ పందెం గురించి ఒక్క మాట. దేవుడుంటే నమ్మినవాడికి అంతులేని లాభం, లేకపోతే పోయేది కొంచెమే, కాబట్టి నమ్మమంటాడు. ఏ దేవుడి మీద పందెం కాయాలో మాత్రం చెప్పలేడు. ప్రతి మతమూ ఇదే లెక్క చూపించగలదు. పైగా లాభం కోసం నటించే నమ్మకాన్ని అన్నీ తెలిసిన దేవుడు పోల్చుకోలేడా? ఈ లెక్క చూసి ఎవరూ నిర్ణయించుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఎవరికి ఏది

నా మొగ్గు చెబుతానన్నాను. వినే దేవుడు లేడని అనుకుంటున్నాను. ఆ వరండా నన్ను ఇటు తెచ్చింది. అన్నిటికీ మూలమైనది ఏదైనా ఉందా అంటే తెలియదంటాను. అంటే ఒకే మనిషిని రెండు ప్రశ్నలకు రెండు గదుల్లో ఉన్నాను. మీరూ అలా ఉండవచ్చు.

మీకు ఏకాంతంలో ఎవరో ఉన్నారన్న అనుభవం బలంగా కలిగి ఉంటే, దాన్ని నా వాదాలు చూసి తోసేయకండి. అలాగని ఆ అనుభవం ఇచ్చినవారి పేరు, సంఖ్య, ఆజ్ఞలు అన్నీ అందులోనే తెలిసిపోయాయని అనుకోకండి. నమ్మకం పోతే మనవాళ్లు పోతారన్న భయమే మిమ్మల్ని ఆపుతుంటే, అది దేవుడి ప్రశ్న కాదు, మనుషుల ప్రశ్న. దాన్ని మనుషులతోనే తేల్చుకోవాలి. ఆప్తుల్ని పోగొట్టుకున్న మొదటి నెలల్లో మాత్రం ఎటువైపూ నిర్ణయించుకోవద్దు. దుఃఖంలో దేవుణ్ణి తిట్టి వదిలేసినవారినీ, దుఃఖంలో కాళ్ల మీద పడ్డవారినీ చూశాను. ఏడాది తిరిగేసరికి ఇద్దరిలోనూ చాలామంది వేరేచోట ఉన్నారు.

ఇంట్లో వేరువేరు ఎంపికలున్నప్పుడు పిల్లలకు ఏం చెప్పాలన్నది అన్నిటికన్నా కష్టం. అక్క కూతురు ఒకరోజు వచ్చి "దేవుడు ఉన్నాడా మామయ్యా?" అంది. "మీ అమ్మ ఉన్నాడంటుంది, నేను లేడనుకుంటున్నాను. ఇద్దర్నీ ఎందుకని అడుగు" అన్నాను. నా కారణం అప్పుడే అడిగింది, ఆ వరండా కథ తనకు తగ్గంతలో చెప్పాను. మరుసటి రోజు నోటుపుస్తకం పట్టుకుని మళ్లీ వచ్చింది. "అమ్మ తన కారణం చెప్పింది. నిన్నొకటి అడగమంది. దేవుడు లేకపోతే మరి ఇదంతా ఎందుకుందట?"

నాకు తెలియదని చెప్పాను. రాసుకుంది.